శ్రుతి తప్పని కండెన్సరు

సంగీతసభకు కొంచెము ముందుగా వెళ్లినవారికి ఒక దృశ్యము కనబడును. మార్దంగికుడు చిన్న రాతితో మృదంగపు అంచును అచ్చటచ్చట తట్టుచు, తలవంచి వినుచుండును. తంబుర పట్టినవారు బిరడలను ఇంచుక త్రిప్పి, తీగను మీటి, మరల త్రిప్పుచుందురు. నిన్న సాయంకాలము చక్కగా కలిసిన శ్రుతి నేడు తప్పుటకు ఎవరును బిరడలను కదల్చియుండనక్కరలేదు. ఉక్కుతీగ వేడికి సాగును; సాగిన తీగకు బిగువు తగ్గును; బిగువు తగ్గినచో శ్రుతి దిగును. ఎండలో వచ్చిన వాద్యము చల్లని మందిరములో ప్రవేశించినంత మాత్రముననే స్వరము మారుటకు ఇదియే కారణము.

రేడియోకును ఇట్టి శ్రుతి కలదు. అయితే దాని ప్రక్కన కూర్చుండి బిరడలు త్రిప్పువాడు లేడు. అంగడిలో కొనిన పెట్టెలో ఆ పనిని కర్మాగారమువారు ముందే చూచియుందురు. స్వహస్తములతో రేడియో కట్టుకొను విద్యార్థి మాత్రము ఆ బాధ్యతను తానే వహింపవలెను. అతనికి ఆ పనిలో తోడుపడునదియు, కొంప ముంచునదియు గోరంత వస్తువొకటి యున్నది. దానిని ఇంజనీర్లు కెపాసిటరు అందురు. పంకాలు మరమ్మతు చేయువారు నేటికిని కండెన్సరు అనియే పిలుతురు.

రేడియోలో శ్రుతిని పట్టి నిలుపు భాగమునకు ఆసిలేటరు అని పేరు. అది సెకనుకు లక్షల కొలది మారులు కంపించు విద్యుత్తరంగమును ఎడతెగక పుట్టించుచుండును. సులభముగా కట్టదగిన ఒక విధమైన గ్రాహకములో, ఆకాశము నుండి వచ్చు తరంగమును ఆసిలేటరు తరంగముతో కలుపుదురు. ఆ రెంటికిని గల భేదమే చెవికి ధ్వనిగా వినబడును. వచ్చు తరంగము సెకనుకు 71,00,700 మారులును, ఆసిలేటరు 71,00,000 మారులును కంపించుచున్నవనుకొందము. భేదము 700. ఈ 700 కంపనముల స్వరము చెవికి ఇంపుగా వినబడును. మోర్సు సంకేతములను వినువారు ఇట్టి స్వరమునే కోరుదురు. ఆసిలేటరు ఎట్లో వేడెక్కి 700 కంపనములు పైకి జరిగినచో, భేదము సున్న యగును, స్వరము మాయమగును. జరిగినది ఎంత? 71 లక్షలలో 700. అనగా దాదాపు పదివేల పాళ్లలో ఒక పాలు.

మాటలు వినుటలో చిక్కు మరింత సూక్ష్మమైనది. అమెచ్యూరులు, అనగా వృత్తికొరకు గాక విద్యాభిరుచితో రేడియో నడుపువారు, మాటలను పంపుటకు సింగిల్ సైడ్‌బాండు అను పద్ధతిని వాడుదురు. ఈ పద్ధతిలో ఆసిలేటరు నూరు కంపనములు ఒకవైపు జరిగినచో మిత్రుని గొంతు కీచుగా మారును. మరియొకవైపు జరిగినచో బొంగురుపోవును. నాలుగైదు నూర్లు జరిగినచో మాట మాటగా వినబడదు. మధ్యమ తరంగములపై పాటలు వినువారికి ఈ బాధ లేదు. అచ్చట ఒక కేంద్రమునకును మరియొక కేంద్రమునకును 9 కిలోహెర్ట్‌జ్‌ల యెడ మున్నది. కొంచెము తొలగినను పాట పాటగానే యుండును.

ఇంత సూక్ష్మముతో పనియేమి యని తోచవచ్చును. 2004 డిసెంబరు 26వ తేదీ ఉదయమున సముద్రగర్భమున భూకంపము కలిగి, సునామీ కెరటములు అండమాను, నికోబారు దీవులను ముంచెత్తెను. టెలిఫోనులు మూగవోయెను. హైదరాబాదులోని జాతీయ అమెచ్యూరు రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము, వేరొక పనిమీద అంతకు ముందే ఆనాటి పోర్టుబ్లెయిరునకు వెళ్లియుండెను. దీవులలో చిక్కుకొనినవారి క్షేమసమాచారములను భూభాగమునకు వారు తమ రేడియోల ద్వారా అందజేసిరి. వారు వాడినవి కర్మాగారములో తయారైన యంత్రములే. అట్టి సమయమున ఒక పేరు గాని, ఒక ఊరు గాని, ఒక అంకె గాని తప్పుగా వినబడినచో ఒక కుటుంబము దుఃఖములో మునుగును. లేక వ్యర్థమైన ఆశతో ఎదురుచూచును. రేడియో ఎచ్చట పెట్టిన అచ్చటనే నిలువవలెననుట కేవలము ముచ్చట కాదు.

ఇక ఆసిలేటరు ఏల కదలునో చూతము. దానికి గుండెకాయ వంటివి రెండు వస్తువులు: తీగచుట్ట యొకటి, కండెన్సరు ఒకటి. ఉయ్యాలను ఒక కొసకు లాగి విడిచినచో అది ఇటునటు ఊగునట్లు, విద్యుచ్ఛక్తి ఒకసారి కండెన్సరు పలకలపై చేరును; మరుక్షణము తీగచుట్టలోనికి ప్రవహించి అయస్కాంతశక్తిగా మారును; తిరిగి కండెన్సరును చేరును. ఉయ్యాల తానుగా ఊగిన క్రమముగా ఆగిపోవును. అది ఆగకుండుటకు సరియైన సమయమున ట్రాన్సిస్టరు చిన్న త్రోపు త్రోయుచుండును. 1915లో హార్ట్లీయు, 1918లో కాల్పిట్సును ఈ త్రోపు త్రోయుటకు రెండు వేర్వేరు మార్గములను చూపిరి. నేటికిని ఇండ్లలో కట్టు ఆసిలేటర్లు చాలవరకు ఆ రెంటిలో ఒకదాని సంతతియే.

ఊపు ఎంత వేగముగా నుండునో తీగచుట్ట బలమును, కండెన్సరు ధారణశక్తియు నిర్ణయించును. ధారణశక్తి నాలుగు రెట్లయినచో వేగము సగమగును. స్వల్పమైన మార్పులకు లెక్క మరింత సులభము: ధారణశక్తి నూటికి ఒక పాలు పెరిగినచో, కంపనముల సంఖ్య నూటికి అరపాలు తగ్గును. తీగచుట్ట విషయములోను ఇంతే.

నూటికి అరపాలు ఎంతో స్వల్పముగా తోచును. 71 లక్షలలో నూటికి అరపాలు 35,500. మనదేశమున అమెచ్యూరులకు ఈ ప్రాంతమున ఇచ్చిన స్థలము 7,000 నుండి 7,200 కిలోహెర్ట్‌జ్‌ల వరకు మాత్రమే. అనగా ఆ స్థలములో ఆరవ వంతుకు పైగా దూరము రేడియో తానుగా నడిచి పోయినదన్నమాట! రోహిణి కార్తెలో రోళ్లు పగులునని సామెత. ఆ ఎండ రోళ్ల జోలికి పోకున్నను రేడియో జోలికి తప్పక పోవును. కోస్తా ఊరిలో మాఘమాసపు వేకువను 18 డిగ్రీలున్న గది, మే నెల మధ్యాహ్నమున 42 డిగ్రీలకు చేరుట అరుదు కాదు. అంతవరకు పోనక్కరలేదు, మూసిన పెట్టెలో రేడియోను నడిపిన మొదటి అరగంటలోనే లోపలి వేడి పది డిగ్రీలు పెరుగవచ్చును.

కండెన్సరనగా రెండు లోహపు పలకలు, వాని నడుమ విద్యుత్తును పోనీయని రోధకపు పొర. వేడికి పలకలు వ్యాకోచించును. నడిమి దూరము మారును. కాని అసలు కథ ఆ పొరలోనే యున్నది. పొర ఏ పదార్థముతో చేయబడినదో దానినిబట్టి కండెన్సరు గుణము ఏర్పడును. కావున కండెన్సరును ఎన్నుకొనుటయనగా రోధకమును ఎన్నుకొనుటయే.

తొలిరోజులలో రేడియోవారికి మిక్కిలి నమ్మకమైన పొర అభ్రకము. తెలుగువారు దీనిని కాకిబంగారమందురు. నెల్లూరు సీమలో గూడూరు ప్రాంతమున గనులలో దొరకిన అభ్రకపు పలకలు దేశాంతరములకు ఎగుమతి యగుచుండెడివి. అచ్చటి అభ్రకము ఆకుపచ్చని ఛాయ కలది; నేటి జార్ఖండు ప్రాంతమున కోడెర్మా వద్ద దొరకునది కెంపురంగు ఛాయ కలది. అభ్రకమును గోటితో చీల్చినను పొరలుపొరలుగా ఊడివచ్చును. ఎంత పలుచగా చీల్చినను చదునుగా, గట్టిగా నుండును. వేడికి తొందరగా చలింపదు. 1909లో విలియం డ్యూబిలియర్ అభ్రకపు కండెన్సరును రూపొందించెను. మొదట అభ్రకమునకు ఇరువైపుల లోహపు రేకులను అదిమి పెట్టెడివారు. రేకునకును అభ్రకమునకును నడుమ మిగిలిన గాలి సందులు వేడికి హెచ్చుచు తగ్గుచు చిక్కు కలిగించెను. తరువాత వెండినే అభ్రకముపై పూతగా పూసి కాల్చి అతికించు పద్ధతి వచ్చెను. గాలి చొరబడుటకు చోటు లేకపోయెను. సిల్వర్ మైకా కండెన్సరు అదియే. బాగుగా చేసినదానిలో ఒక్కొక్క డిగ్రీకి ధారణశక్తి పది లక్షల పాళ్లలో 0 నుండి 70 పాళ్ల వరకు మాత్రమే పెరుగును. అయితే ఒకే సంచిలోని రెండు కండెన్సర్లు ఒకే తీరున నడచునను నమ్మకము లేదు. అరుదుగా ఒకటి కారణము లేకయే ఉలికిపడినట్లు విలువ మార్చుకొనును. ఆసిలేటరులో అట్టి దానిని పట్టుకొనుట మహాకష్టము.

అభ్రకము గనులున్న దేశములకే దొరకును. 1920ల దశకములో జర్మనీలో అభ్రకపు కొరత కలిగి, పింగాణి వస్తువులు చేయు నేర్పుగల ఆ దేశమువారు పింగాణి జాతి పదార్థములను రోధకములుగా వాడసాగిరి. టైటానియం డయాక్సైడు చేర్చిన పింగాణి విచిత్రముగా ప్రవర్తించెను. అది అభ్రకముకంటె ఎన్నో రెట్లు ధారణశక్తిని ఇచ్చెను. కాని వేడి పెరిగిన కొలది దాని ధారణశక్తి తగ్గసాగెను. మెగ్నీషియం టైటనేటు అను మరియొక పింగాణి ఇందుకు విరుద్ధముగా వేడికి ధారణశక్తిని పెంచెను. వేడికి తగ్గు పింగాణిని, పెరుగు పింగాణిని తగు పాళ్లలో కలిపి కాల్చినచో ఒకదాని తప్పును మరియొకటి దిద్దును గదా! ఈ యుపాయముననే వేడికి చలింపని పింగాణి కండెన్సర్లు పుట్టినవి. వానికి ఎన్‌పీ0 అని పేరు; ఋణము కాదు, ధనము కాదు, సున్న యని దాని భావము. సీ0జీ అను పేరును దీనిదే. ఒక్కొక్క డిగ్రీకి పది లక్షల పాళ్లలో 30 పాళ్లకు మించి ఇటు గాని అటు గాని జరుగరాదని దీనికి నియమము.

1940ల తొలినాళ్లలో, యుద్ధకాలమున, బేరియం టైటనేటు అను పదార్థము గుణము బయటపడెను. దీనితో చేసిన పొర అభ్రకముకంటె వందల రెట్లు ధారణశక్తిని కూర్చును. మినపగింజంత కండెన్సరులో పూర్వము అగ్గిపెట్టెంత వస్తువునకును సాధ్యముకాని ధారణశక్తి ఇమిడినది. వ్యాపారులకు ఇది వరము. ఆసిలేటరు కట్టువానికి మాత్రము శాపము. ఈ పదార్థపు స్ఫటికములో టైటానియం అణువు తన గూటిలో ఇటునటు ఒరిగి యుండును. 120 డిగ్రీల వద్ద స్ఫటికపు ఆకారమే మారిపోవును. అట్టి చంచలమైన పదార్థము వేడికి స్థిరముగా నుండుట కల్ల. ఈ జాతిలో మేలురకమైన ఎక్స్7ఆర్ సయితము సున్నకు దిగువ 55 డిగ్రీల నుండి 125 డిగ్రీల వరకు గల హద్దులో నూటికి 15 పాళ్ల వరకు మారుటకు అనుమతి పొందినది. జెడ్5యు అను చౌకరకము 10 డిగ్రీల నుండి 85 డిగ్రీల లోపున నూటికి 22 పాళ్లు పెరుగవచ్చును, 56 పాళ్లు తరుగవచ్చును. అంతటితో తీరదు. వీనిపై వోల్టేజి మారినను ధారణశక్తి మారును. నెలలు గడచిన కొలది విలువ క్రమముగా క్షీణించును. బల్లపై పెన్సిలు పడినను ఆ అదురునకు స్వరము వణకును.

ఇన్ని దోషములున్నవని ఈ కండెన్సర్లను పారవేయరాదు. బ్యాటరీ తీగలపై చేరు అక్కరలేని తరంగములను భూమిలోనికి మళ్లించుటకు వాడునవి ఇవియే. 104 అని ముద్రించిన 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు అట్టి పనికి చక్కగా సరిపోవును. అచ్చట దాని విలువ సగమైనను ఎవరికిని తెలియదు. పొదుపు చేయదగిన చోటు అది. తీగచుట్టతో కలిసి ఊగు కండెన్సర్లు, కాల్పిట్సు పద్ధతిలో ట్రాన్సిస్టరు కాళ్లకు అడ్డముగా పెట్టు రెండు కండెన్సర్లు, ఇవన్నియు శ్రుతిని నిర్ణయించువారే. ప్రారంభకులు తీగచుట్ట ప్రక్కన మంచి కండెన్సరు పెట్టి, ట్రాన్సిస్టరు కాళ్లవద్ద చేతికి దొరకినది పెట్టుదురు. ఎక్కువ రేడియోలు శ్రుతి తప్పుట కిదియే హేతువు. ట్రాన్సిస్టరునకు లోపల సహజముగా కొంత ధారణశక్తి యున్నది; అది వేడికి, వోల్టేజికి మారుచుండును. ఆ రెండు కండెన్సర్లు పెద్దవిగా, స్థిరముగా నున్నచో ట్రాన్సిస్టరు చాపల్యము సముద్రములో కాకిరెట్ట యగును. అవే చంచలములైనచో ఇక దిక్కులేదు.

పాలిస్టైరీను కండెన్సరు మరియొక జాతి. గాజువలె మెరయు చిన్న గొట్టపు ఆకారముతో ముద్దుగా నుండును. పూర్వము రేడియోలలో విరివిగా వాడిరి. తయారీ చాలవరకు నిలిచిపోయినందున నేడు పాత సరుకులోనే ఎక్కువగా దొరకును. వేడికి దాని ధారణశక్తి ఒక్కొక్క డిగ్రీకి పది లక్షలలో 120 నుండి 150 పాళ్లవరకు తగ్గును. తగ్గుట నిలుకడగా, నమ్మదగినట్లుగా నుండుట దాని సుగుణము. 85 డిగ్రీలు దాటిన మెత్తబడుట దాని అవగుణము. టంకము పెట్టునపుడు కాలిన మొనను క్షణకాలము ఎక్కువసేపు ఉంచినచో లోపలి పొర ముడుచుకొని వస్తువు చెడును. దాని కాలిని పట్టకారుతో పట్టుకొని, వేడిని పట్టకారు గ్రహించునట్లు చేసి టంకము పెట్టవలెను. ఇక ఆకుపచ్చని పాలియెస్టరు కండెన్సర్లను శ్రుతి పట్టు చోట పెట్టకుండుటే మేలు; వేడికి వాని విలువ ఎంతయో పెరుగును.

పై వానిలో విద్యార్థి ఏది కొనవలెను? ఎన్‌పీ0 కొనవలెను. అవి కొద్ది రూపాయలకే లభించును. ఒకటి మరియొకదానిని పోలియుండును. టంకపు వేడికి వెరవవు. వెండి పూసిన అభ్రకము ఖరీదైనది కాబట్టి మేలైనదై యుండునని భ్రమపడువారు కలరు. కొనువేళ ఒక మెలకువ ఆవశ్యకము. హైదరాబాదు కోఠిలో గాని, వేరొకచోట గాని దుకాణమువానిని 'నూరు పికోఫారడ్ కండెన్సరు' అని అడిగినచో అతడు 101 అని ముద్రించిన ఏదో ఒకటి ఇచ్చును. ఆ అంకె ధారణశక్తిని చెప్పును గాని స్వభావమును చెప్పదు. 'ఎన్‌పీ0' అనియో 'సీ0జీ' అనియో నోరు తెరచి అడుగవలెను. బిళ్ల ఆకారపు కండెన్సర్లలో పలువురు తయారీదారులు ఎన్‌పీ0 నెత్తిన నల్లని పట్టె వేయుదురు. ఊదా రంగు గుర్తు ఎన్750 జాతిది. అది డిగ్రీకి పది లక్షలలో 750 పాళ్లు తగ్గునది. రంగు కనబడనిచో దాని మాట నమ్మరాదు. అది ఎట్టిదో పరీక్షించి తెలిసికొనవలెను.

కండెన్సరు ఒక్కటే చలింపనిదైనచో పని ముగిసెనా? ముగియలేదు. తీగచుట్ట యున్నది. అది వేడికి ఎల్లప్పుడును పెరుగుటకే చూచును. ఇనుప పొడితో చేసిన గారె ఆకారపు టొరాయిడ్లపై తీగ చుట్టుట నేటి వాడుక. పసుపురంగు పూసిన 6వ రకపు టొరాయిడునకు డిగ్రీకి పది లక్షలలో 35 పాళ్లును, ఎఱ్ఱరంగు పూసిన 2వ రకమునకు 95 పాళ్లును పెరుగుదల కలదు. పసుపు టొరాయిడుతో పాటు నిక్కమైన సున్నగల ఎన్‌పీ0 వాడితిమనుకొందము. పది డిగ్రీల వేడికి తీగచుట్ట 350 పాళ్లు పెరుగును. కంపనములు అందులో సగము, అనగా 175 పాళ్లు తగ్గును. 71 లక్షలపై ఇది 1,240 కంపనములు. మొదట చెప్పిన 35,500తో పోల్చిన ఎంతో మేలు. మిత్రుని గొంతును గుర్తించుటకు మాత్రము ఇదియు చాలదు.

ఇచ్చట గడియారముల చరిత్ర తోడ్పడును. లోలకపు కడ్డీ వేసవిలో సాగి, గడియారము మందగించెడిది. 1726 ప్రాంతమున ఆంగ్లదేశమున జాన్ హారిసన్ అను వడ్రంగి ఇత్తడి కడ్డీలను, ఉక్కు కడ్డీలను కిటికీ ఊచలవలె ప్రక్కప్రక్కన అమర్చెను. ఉక్కు క్రిందికి సాగి లోలకపు గుండును దించును. ఇత్తడి పైకి సాగి దానిని ఎత్తును. రెండును సరిపోవు కొలతలో అమర్చుటచే గుండు ఉన్నచోటనే యుండెను. సాగకుండు లోహము దొరకలేదని అతడు చేతులు ముడుచుకొనలేదు. ఒక సాగుడును మరియొక సాగుడుతో కొట్టివేసెను.

రేడియోలోను ఇట్లే చేయవచ్చును. 7,100 కిలోహెర్ట్‌జ్‌లకు 200 పికోఫారడ్‌ల ధారణశక్తియు, 2.5 మైక్రోహెన్రీల తీగచుట్టయు సరిపోవును. అర అంగుళము వ్యాసముగల పసుపు టొరాయిడుపై 25 చుట్లు చుట్టినచో ఆ తీగచుట్ట సిద్ధమగును. దాని పెరుగుదల 35 పాళ్లు. కావున కండెన్సర్ల సమూహము మొత్తముమీద 35 పాళ్లు తగ్గునట్లు చేయవలెను. 750 పాళ్లు తగ్గు ఎన్750ను 200లో ఎంత భాగముంచవలెను? 200ను 35చే హెచ్చించి 750చే భాగించినచో 9.3 వచ్చును. అనగా 190 పికోఫారడ్‌లు ఎన్‌పీ0గను, 10 పికోఫారడ్‌లు ఎన్750గను పెట్టినచో తీగచుట్ట పెరుగుదలను కండెన్సర్లు దాదాపుగా మ్రింగివేయును. కూరలో ఉప్పువంటిది ఈ ఎన్750. చిటికెడు రుచి, దోసెడు విషము. ఎఱ్ఱ టొరాయిడునకు పాలిస్టైరీను కండెన్సర్లు జోడగుటయు ఇట్టి లెక్కవల్లనే. 95 పెరుగుదలకు 120 తగ్గుదల చేరినచో మిగులు 25 మాత్రమే.

190 పికోఫారడ్‌లను ఒక్క కండెన్సరుగా పెట్టుటకంటె నాలుగైదు చిన్నవిగా ప్రక్కప్రక్కన కలుపుట యుక్తము. ఆసిలేటరులో ఊగు విద్యుత్తు కండెన్సరు గుండా పోవుచు దానిని లోలోపల వెచ్చజేయును. పనిని నలుగురు పంచుకొనినచో ఎవరికిని అలసట యుండదు. పైగా ఒకటి కొంచెము ధనముగాను, మరియొకటి కొంచెము ఋణముగాను ఉన్నచో సగటు సున్నకు చేరువగును.

శ్రుతిని త్రిప్పుటకు వాడు కండెన్సరు సంగతియు మరువరాదు. పాత రేడియోలలోని గాలి రోధకముగా గల గ్యాంగు కండెన్సరు దొరకిన భాగ్యమే. పలకల నడుమ ప్లాస్టికు పొరగల చిన్నది అంత స్థిరమైనది కాదు. వోల్టేజితో త్రిప్పు వరాక్టరు డయోడు వేడికి లొంగునది. తక్కువ వోల్టేజి వద్ద మరియు ఎక్కువగా లొంగును. ఆసిలేటరుకు ఇచ్చు విద్యుత్తు సయితము స్థిరముగా నుండవలెను. జీనరు డయోడులలో 5 వోల్టులకును 6 వోల్టులకును నడిమి విలువగలవి వేడికి అతి తక్కువగా చలించును గావున అట్టిదానిని వాడుట మంచిది.

ఇంత చేసినను కాగితముపై వేసిన లెక్క పెట్టెలో అట్లే ఫలించునని చెప్పుటకు వీలులేదు. పరీక్ష కావలెను. మరియొక మంచి రేడియోను దగ్గర నుంచి, దానిలో ఆసిలేటరు స్వరమును వినుచు, ముందుగా ఇరువది నిమిషములు ఊరక యుండవలెను. టంకము పెట్టిన వెంటనే పరీక్షించినచో వస్తువులింకను చల్లారుచుండును. ఆ ఫలితము చెల్లదు. తరువాత పెట్టెలో ఒక ఉష్ణమాపకము నుంచి, చిన్న దీపముతో మెల్లగా వెచ్చజేయుచు, రెండు డిగ్రీల కొకసారి కంపనముల సంఖ్యను వ్రాసికొనవలెను. తొందరపడి ఒక్కసారిగా వేడిచేసినచో చిన్న కండెన్సర్లు ముందు వేడెక్కును, టొరాయిడు వెనుకబడును. ఎవరి తప్పు ఎవరిదో తెలియదు. సంఖ్య తగ్గుచున్నచో తీగచుట్టయో కండెన్సరో పెరుగుచున్నదని అర్థము. అప్పుడు ఎన్750 కొంచెము పెంచవలెను. సంఖ్య హెచ్చుచున్నచో ఉప్పు ఎక్కువైనది. 10 తీసి 6.8 పెట్టి, అంతమేర ఎన్‌పీ0 చేర్చి మరల చూడవలెను. దోషి ఎవరో తేలనప్పుడు వేడిచేసిన టంకపు కడ్డీని ఒక్కొక్క వస్తువునకు దగ్గరగా, తాకకుండ, క్షణకాలము చూపవలెను. దేనివద్ద స్వరము పరుగెత్తునో అదియే చౌకరకపు కండెన్సరు. ఎన్‌పీ0 అని చెప్పి అమ్మిన వస్తువు కూడ ఈ పరీక్షలో తలవంచుట కలదు.

కొందరు అనుభవజ్ఞులు తీగ చుట్టిన టొరాయిడును మరుగునీటిలో కొంతసేపుంచి, తీసి, చల్లార్చి, బాగుగా ఆరబెట్టిన పిమ్మట వాడుదురు. చుట్టునపుడు రాగితీగలో కలిగిన బిగువు అందుచే సడలునని వారి అనుభవము. ఖర్చులేని పని గావున చేసి చూడవచ్చును.

వినుటకు మాత్రమే పనికివచ్చు గ్రాహకముతో మొదలుపెట్టుట విద్యార్థికి క్షేమము. తరంగములను పంపదలచినవారు ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణులై అనుజ్ఞ పొందవలెను. నేటి అంగడి రేడియోలలో స్ఫటికపు కంపనమునుండి లెక్కగట్టి కావలసిన తరంగమును పుట్టించు చిన్న చిప్పులు వచ్చినవి. వానిలో ఈ శ్రమ చాలవరకు లేదు. ఆ స్ఫటికమును సయితము వేడికి చలింపని కోణమున కోసియే వాడుదురు.

చివరి పనిగా ముఖఫలకముపై అంకెలు వ్రాయుట యొకటి మిగులును. లోహపు పెట్టెకు మూత బిగించిన పిమ్మటనే ఆ పని చేయవలెను. మూతకును తీగచుట్టకును నడుమ సయితము కొంత ధారణశక్తి యున్నది. మూత తీసి వ్రాసిన అంకెలు, మూత మూయగానే ఒక్కటియు సరిపోవు.